పాత నారోబోట్ కొన్నాం: ఆరేళ్ళ వాడకం తర్వాత

నారోబోట్ అంటే ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నటి, పొడుగాటి పడవ. అది కొన్న తొలి వేసవిలో, 2019లో, అమ్మ మా దగ్గరికి వచ్చింది. స్టోక్ బ్రూయెర్న్ అనే ఊరి దగ్గర పడవను లాకులోకి (నీళ్ళు నింపి, వదిలి పడవను ఎత్తే, దించే తలుపుల తొట్టి) నడిపి, వెనక తలుపులు మూసి, ముందువైపు తూములు ఎత్తాం. నీళ్ళతో పాటు పడవ నెమ్మదిగా పైకి లేస్తుంటే అమ్మ గట్టు మీద నిలబడి కాసేపు చూసింది. "ఒరేయ్, ఇవి మన విజ్జేశ్వరం లాకుల్లాంటివే కదరా" అంది. నిజంగా అలాంటివే. గోదావరి కాలువల్లో సరుకు పడవలు తిరిగిన రోజుల్లో మా తాతయ్య ధాన్యం బస్తాలతో లాకులు దాటుకుంటూ వెళ్ళేవాడట. ఇంగ్లండ్ వచ్చాక ఇక్కడి కాలువలు ఇంకా పడవలతో కళకళలాడుతుంటే చూసి, మనకూ ఒకటి ఉంటే బాగుండునని నాకు అనిపించడం మొదలైంది.

ఇప్పటికి ఆరేళ్ళు దాటింది. ఎంత పడింది, ఏం చూసి కొన్నావు, టెన్షన్ లేదా అని ఇక్కడి మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

మాది 1998లో కట్టిన ఇనుప నారోబోట్. పొడవు 57 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు. 18వ శతాబ్దంలో మిడ్లాండ్స్ కాలువల మీద లాకులు సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టారు, అందుకే ఇంత సన్నగా ఉంటుంది. 57 అడుగులు దాటకపోతే దాదాపు ఎక్కడికైనా వెళ్ళొచ్చంటారు. ఎందుకంటే ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ లాంటి కాలువల్లో లాకులు పొట్టివి. మాకు 41,000 పౌండ్లు పడింది. అప్పటికి నేను చుక్కాని పట్టింది ఒక్క వారం, అదీ అద్దె పడవలో. కొనాలనుకునేవాళ్ళు ఆ వారం అద్దె మాత్రం మానొద్దు. అదీ జూలైలో కాకుండా మార్చిలోనో నవంబర్‌లోనో తీసుకుంటే అసలు సంగతి తెలుస్తుంది.

నిజానికి మేం మొదట మనసు పడింది దీని మీద కాదు. అంతకుముందు ఒకటి చూశాం. లోపల అడుగుపెట్టగానే మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. కొత్త వంటగది, ఓక్ చెక్క నేల, తెల్లటి గోడలు, ఇత్తడి దీపాలు. అమ్మే ఆయన చాలా మర్యాదస్థుడు, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. "రెండేళ్ళ కింద సర్వే చేయించాం, మళ్ళీ దండగ ఖర్చు ఎందుకు" అన్నాడు. సర్వే అంటే నిపుణుడితో పడవను పరీక్ష చేయించడం. ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకున్నాం. సర్వే బాగుంటేనే కొంటామని కాగితం మీద రాయించుకోమని ఆఫీసులో ఒక పెద్దాయన చెప్పబట్టి ఆగాం.

సర్వే రోజు నేను దగ్గరే ఉన్నాను. పడవను క్రేన్‌తో పైకి ఎత్తి దిమ్మెల మీద పెట్టారు. కింది భాగం అంతా నాచు, దాని కింద పొలుసులు లేచిన తారు పూత. సర్వేయర్ చిన్న సుత్తితో అడుగడుగునా కొడుతూ, చెవి పెట్టి వింటూ వచ్చాడు. బాగున్నచోట గంట మోగినట్టు వినిపించేది. ఒకచోట చప్పుడు మందగించింది. అక్కడ పూత గీకి, జెల్ రాసి, అల్ట్రాసౌండ్ మీటర్ ఆనించాడు. మన ఆసుపత్రిలో పొట్టకు స్కాన్ చేసే పద్ధతే. పక్క ప్లేటు కొత్తలో 6 మిల్లీమీటర్లు. నీటి మట్టం గీత వెంబడి గుంటలు పడి ఉన్నాయి, లోతు 2.4 మిల్లీమీటర్లు. అంటే అక్కడ మిగిలింది 3.6. మామూలుగా ఇన్సూరెన్స్ వాళ్ళు కనీసం 4 ఉండాలంటారు. పైన కొత్త ప్లేట్లు వెల్డ్ చేయించాలంటే వేలల్లో ఖర్చు, పైగా బరువు పెరిగి పడవ నీళ్ళలో ఇంకాస్త దిగుతుంది. క్రేన్‌కు, సర్వేకు కలిపి సుమారు 800 పౌండ్లు పోయాయి. ఇంటికొచ్చే దారిలో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వంటగది తనకు అంత నచ్చింది. నాకు మాత్రం ఇన్నేళ్ళలో పెట్టిన డబ్బుల్లో అంత బాగా ఖర్చయిన 800 ఇంకోటి లేదు.

అలా ఎందుకు తిన్నదో కూడా సర్వేయరే చెప్పాడు. మెరీనాలో గట్టు కరెంటు వైరు ఎప్పుడూ తగిలించి ఉంచారు, పడవల మధ్య చిన్న కరెంటు పారకుండా ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ అనే పరికరం లేదు. ఎర్త్ తీగ ద్వారా పక్క పడవలన్నీ ఒకదానికొకటి కలిసి, మొత్తం ఒక బ్యాటరీలా తయారై, ఏదో ఒక పడవ ఇనుము కరుగుతూ పోతుంది. దానికి విరుగుడుగా పడవకు యానోడ్లు అనే మెగ్నీషియం ముక్కలు వెల్డ్ చేస్తారు. ముందు అవి అరిగితే ఇనుము బతుకుతుంది. ఆ పడవకు యానోడ్లు ఆనవాలు లేకుండా అరిగిపోయి ఉన్నాయి.

ఇప్పుడు మా దగ్గరున్న పడవ చూడ్డానికి ఏమంత బాగుండేది కాదు. ముదురు గోధుమ రంగు చెక్క లైనింగ్, పాతబడ్డ కార్పెట్, తుప్పు కంపు కొట్టే ఇంజన్ గది. కానీ అమ్మే దంపతులు ఒక పాత నోటుబుక్ చేతిలో పెట్టారు. ఏ ఏడాది తారు పూత వేశారు, ఎప్పుడు ఆయిల్ మార్చారు, అన్నీ తేదీలతో రాసి ఉన్నాయి. సర్వేలో పడవ అడుగుభాగం ప్లేటు 10 మిల్లీమీటర్లకు 9.6 ఉంది, పక్కలు 6కి 5.6 నుంచి 5.8. నాకు అదే చాలు. కార్పెట్ ఒక శనివారంలో మార్చుకోవచ్చు.

కాగితాల సంగతి. పడవకు మన కారు ఆర్సీ లాంటిది లేదు. లైసెన్స్ ఉన్నంత మాత్రాన అతనే ఓనర్ అని రుజువు కాదు, పైగా పడవ చేతులు మారితే పాత లైసెన్స్ మనకు రాదు. కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ దగ్గర కొత్తది తీసుకోవాలి. 2012 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 2,000 మైళ్ళ కాలువలూ నదులూ చూసుకుంటున్నది వాళ్ళే. నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ తప్పనిసరి. అమ్మినట్టు రాసిన కాగితం, వెనకటి ఓనర్ల రసీదులు గట్టిగా అడిగి తీసుకోండి. కట్టేసుకోవడానికి సొంత చోటు లేకపోతే తిరుగుతూ ఉండాలి, ఒకేచోట మామూలుగా 14 రోజులకు మించి ఉండనివ్వరు. ఉద్యోగాలూ పిల్లల బడీ ఉన్నవాళ్ళు ఈ ఒక్క విషయం పడవ చూడకముందే తేల్చుకోవాలి. మేం మెరీనాలో చోటు ఖాయం చేసుకున్నాకే పడవ వెతికాం.

ఇక నడపడం. చుక్కాని పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, రెండు రోజుల్లో చేయి అలవాటు పడుతుంది. వెనక్కి నడిపేటప్పుడు మాత్రం చుక్కాని దాదాపు పనిచేయదు. గంటకు 4 మైళ్ళు దాటకూడదు. కట్టేసి ఉన్న పడవల పక్క నుంచి వెళ్ళేటప్పుడు అంతకంటే బాగా తగ్గించాలి, లేకపోతే వాళ్ళ స్టవ్ మీద గిన్నెలు ఒలుకుతాయి. రోజూ చేసే పనులు రెండున్నాయి. ఒకటి, ప్రయాణం ఆగాక ప్రొపెల్లర్ కడ్డీ బయటికి వెళ్ళే దగ్గర గ్రీజు పంపు ఒక తిప్పు తిప్పడం. నీటిచుక్కలు ఆగాలి. రెండోది వీడ్ హ్యాచ్, అంటే ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన ఉండే మూత. ప్రొపెల్లర్‌కు చెత్త చుట్టుకుంటే ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, ఆ మూత తీసి చేత్తో కోసి లాగాలి. మూత తిరిగి సరిగ్గా బిగించకపోతే నీళ్ళు లోపలికి తన్నుకొచ్చి పడవ మునిగిపోతుంది, అలా మునిగినవి ఉన్నాయి. అందుకే మా ఇద్దరిలో ఒకరు బిగిస్తే రెండోవాళ్ళు చూసి సరే అన్నాకే ఇంజన్ స్టార్ట్ చేస్తాం. లండన్ వైపు సౌతాల్ దగ్గర మన భక్తులు వదిలిన కొబ్బరికాయలు కాలువలో తేలుతుంటాయి. వాటిని చూస్తే ఇల్లు గుర్తొచ్చింది, కానీ ప్రొపెల్లర్‌లో గుడ్డలు చుట్టుకున్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ఒక రోజు గురించి చెప్పి తీరాలి. బక్బీ లాకుల్లో కిందికి దిగుతున్నాం. లాకు లోపల పైతలుపుల కింద రాతి గడప ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. గట్టు మీద తెల్ల గీత గీసి ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. నేను ఫోన్ వస్తే మాట్లాడుతున్నాను, పడవ మెల్లగా వెనక్కి జరిగింది. గట్టు మీదున్న మా ఆవిడ "ఏవండీ, గీత! గీత!" అని అరిచి పరుగున వెళ్ళి తూములు దించేసింది. అప్పటికే చుక్కాని కింద కొస గడపకు తగిలి కిర్రుమంది. ఇంకో నిమిషం ఆగుంటే వెనక భాగం గడప మీద వేలాడి, ముందు భాగం నీళ్ళతో పాటు దిగిపోయి మునిగేవాళ్ళం. ఆ రోజు నుంచి లాకులో ఉండగా ఫోన్ ముట్టుకోను. చుట్టాలు వచ్చినా ఇదే మొదట చెప్తాను.

రెండు చలికాలాలు పూర్తిగా పడవలోనే ఉన్నాం. బొగ్గూ కట్టెలూ వేసే స్టవ్ వెలిగిస్తే లోపల హాయిగా ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం ఉండి తీరాలి. మొదటి చలికాలం బ్యాటరీలు పాడు చేసుకున్నాం. మామూలు లెడ్ బ్యాటరీలను సగం కంటే కిందికి దింపకూడదు, వారానికోసారైనా పూర్తిగా నిండాలి. డిసెంబర్‌లో సోలార్ ప్యానెళ్ళు పెద్దగా ఇచ్చేదేమీ లేదని నాకు తెలియలేదు. నాలుగు బ్యాటరీలూ మార్చాల్సి వచ్చింది. కిటికీల లోపలివైపు నీళ్ళు కారి పరుపు కింద బూజు పట్టింది. ఇడ్లీ ఆవిరి, అన్నం ఆవిరి, అన్నీ ఆ చిన్న చోటులోనే కదా. పరుపు కింద చెక్క జాలీ వేసి, వండేటప్పుడు పై మూత తెరవడం అలవాటయ్యాక తగ్గింది. టాయిలెట్ కింది డబ్బా (క్యాసెట్) మనమే మోసుకెళ్ళి పారబోయాలి. ఇది ఇష్టం లేనివాళ్ళు పెద్ద ట్యాంకు ఉండి పంపుతో తోడించుకునే పడవ చూసుకోండి.

ఖర్చు విషయానికొస్తే, మెరీనా అద్దె, లైసెన్స్, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, తారు పూత అన్నీ కలిపి మాకు ఏడాదికి 6,000 పౌండ్ల దాకా అవుతోంది. పొదుపు కోసమైతే కొనొద్దనే చెప్తాను. కొన్న ధరలో పదో వంతైనా చేతిలో ఉంచుకోండి, మాకు అది మొదటి ఏడాదిలోనే అయిపోయింది. అయినా బ్లిస్‌వర్త్ సొరంగంలో అరగంట చీకట్లో వెళ్ళి అవతల వెలుగులోకి వచ్చినప్పుడూ, ఆక్స్‌ఫర్డ్ కాలువ వంపుల్లో తెల్లవారి కాఫీ తాగుతూ పొలాలు చూస్తున్నప్పుడూ, కోనసీమలో ఉన్నానా అనిపించేంత శాంతి దొరికింది. నాకు దాని విలువ చాలా ఎక్కువ.

మొన్న ఏప్రిల్‌లో పడవను మళ్ళీ పైకి తీయించాం. ప్రెషర్ నీళ్ళతో నాచు కడిగాక, అదే సర్వేయర్‌ను పిలిచి పాత రిపోర్టు చేతిలో పెట్టి, అవే చోట్ల మళ్ళీ కొలవమన్నాను. నీటి గీత దగ్గర ఆరేళ్ళ కింద 5.6, ఇప్పుడు 5.5. యానోడ్లు సగం అరిగాయి, కొత్తవి వేయించాం. ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా పాత బట్టలు వేసుకుని, రోలర్లతో రెండో కోటు తారు పూశాం. పాతవాళ్ళు ఇచ్చిన నోటుబుక్‌లో వాళ్ళ రాత కిందే తేదీ వేసి తను రాసింది.