1991 అంబాసిడర్ నోవా: పానా పట్టడం రాని యజమాని సమీక్ష

మా బాపు 1991లో కొన్న పెట్రోలు అంబాసిడర్ నోవా పదకొండేళ్లుగా హనుమకొండలో నా చేతికింద ఉంది. నేను కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. స్పార్క్ ప్లగ్గు విప్పి తుడిచి బిగించడానికి మించిన మరమ్మతు ఏదీ నాకు చేతకాదు. పాత బండి మీద మనసుపడి, పని రాదన్న భయంతో వెనకాడుతున్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారుచేసిన బండి ఇది. మా దానికి 1489 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు, వెనుక కమాన్ పట్టీలు ఉన్నాయి. ఐదుగురం కలిసి రామప్ప దాకా వెళ్లి వచ్చిన రోజు కూడా వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మ నడుము నొప్పి అనలేదు. అయితే నాలుగు చక్రాలకూ కొత్త కార్ల డిస్క్ బ్రేకులంత చురుగ్గా ఆపలేని డ్రమ్ బ్రేకులే కాబట్టి, ముందు వెళ్లే బండికి కొత్త కార్ల వాళ్లు వదిలే ఎడానికి రెట్టింపు వదలాలి, గంటకు అరవై దాటకుండా నడపాలి.

ఈ బండితో నేను పడ్డ కష్టాల్లో సగం ఎండ వల్ల వచ్చినవే. మే నెల మధ్యాహ్నం చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో నెమ్మదిగా కదులుతుండగా బండి ఆగిపోయేది, అరగంట తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు, ఇంకో షెడ్డులో ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ మార్చి, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు ఇచ్చే కార్బ్యురేటర్ కడిగారు, డబ్బు పోయింది కానీ రోగం పోలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మెకానిక్ బానెట్ ఎత్తకముందే నన్ను ప్రశ్నలడిగాడు. "సార్, బంద్ పడ్డప్పుడు బండి ఎండల ఉన్నదా, నీడల ఉన్నదా? సెల్ఫ్ తిరిగిందా, లేదా? ముందుగాల గవి చెప్పుండ్రి" అన్నాడు. నేను చెప్పింది విని, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి ఐదు నిమిషాలు ఆగమన్నాడు. బండి స్టార్ట్ అయింది.

ఈ బండిలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. బండి నిలబడినప్పుడు గాలి ఆడక ఆ వేడికి పంపులోనూ పైపులోనూ పెట్రోలు ఆవిరవుతుంది, ఆవిరిని ఆ పంపు నెట్టలేదు కనుక కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందదు. ఆ మెకానిక్ పైపును సైలెన్సర్ గొట్టానికి దూరంగా జరిపి, బోరునీళ్లు పోసీ పోసీ పొలుసు కట్టిన రేడియేటర్‌ను శుభ్రం చేయించి, ఇకమీదట కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరేది పోయవద్దని గట్టిగా చెప్పాడు. నిప్పురవ్వ రావడానికి సాయపడే కండెన్సర్ అనే చిన్న విద్యుత్ భాగం వేడికి చెడినా బండి సరిగ్గా ఇలాగే ఆగుతుందనీ, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూస్తే ఆ తేడా తెలుస్తుందనీ ఆయనే నేర్పాడు.

అప్పటి నుంచి డాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. బండి మొరాయించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ఇంజను వేడిగా ఉందా చల్లగా ఉందా, చప్పుడు ఎటువైపు నుంచి వచ్చింది, బ్రేకు తొక్కితే మారిందా అన్నవి రాస్తాను. పని రాని యజమాని బండికి చేయగల అసలైన సేవ ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే రోగ లక్షణం సరిగ్గా చెప్పగలిగితే మెకానిక్ ఊహ మీద సామాను మార్చడు. ముందు చక్రాల కీళ్లకు పదిహేను వందల కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టించడం, ప్లగ్గుకు వెళ్లే కరెంటును కలిపి విడదీసే పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు ఉందా అని చూపించుకోవడం, చెమ్మ పీల్చే గుణమున్న బ్రేక్ ఆయిల్‌ను రెండేళ్లకోసారి మార్పించడం ఆ పుస్తకం వల్లే మరచిపోకుండా జరుగుతున్నాయి. వారానికోసారి ఇంటి ముందు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం మేలు కన్నా కీడే చేస్తుంది. ఇంజను ఆయిల్‌లోని చెమ్మ పోవాలంటే కనీసం కాజీపేట దాటి ఇరవై కిలోమీటర్లు తిప్పి రావాలి.

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి, పైపులూ, పంపులోని డయాఫ్రమ్ అనే రబ్బరు పొరా కొత్త రకానివి వేయించాను. పాయింట్లు, బ్రేక్ షూలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. బ్రేకు రబ్బర్ల విషయంలో మాత్రం చవక రకం వైపు చూడకండి, అవి ఉబ్బి చక్రం పట్టేస్తుంది.

కాగితాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. పదిహేనేళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకూ ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000కు, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెరిగింది. వింటేజ్ గుర్తింపు 50 ఏళ్లు నిండిన బండికే ఇస్తారు గనుక, 2041 దాకా మాది మామూలు పాత బండే.

నన్ను నిజంగా బాధపెట్టింది తుప్పు. నగరంలోని ఒక టింకరింగ్ షాపు వారు తలుపుల కింది రేకును కోసి కొత్తది అతకకుండా, తుప్పు మీదే పుట్టీ మెత్తి రంగు కొట్టారు. తలుపుల అడుగున వాననీరు కారిపోవలసిన రంధ్రాలు కూడా ఆ పుట్టీతో మూసుకుపోయాయి. రెండు వానాకాలాలు తిరిగేసరికి రంగు బుడగలు లేచింది, అదే పనికి రెండోసారి డబ్బు కట్టాను. అంబాసిడర్‌కు విడిగా చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు, బాడీ మొత్తం కలిసే బరువు మోస్తుంది. అందువల్ల కొనబోయేవారు మెరిసే రంగునూ ఇంజను చప్పుడునూ పక్కన పెట్టి, ముందు మ్యాట్లు ఎత్తి అడుగు రేకు చూడాలి, తలుపుల కింద ఒక చిన్న అయస్కాంతం ఆనించి చూడాలి. అరిగిన ఇంజను సిలిండర్లకు వరంగల్‌లోనే బోరు చేయించుకోవచ్చు, అంటే లోపల తిరిగి చెక్కించుకోవచ్చు కానీ, అయస్కాంతం అంటుకోని చోట ఉన్నది పుట్టీయే కనుక ఆ బండిని ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలేసి రండి.