ఫైబ్రాయిడ్ స్కాన్‌లో ఏం చూడాలి: సూర్యారావుపేట సెంటర్ ఒకదాని మీద మా అభిప్రాయం

విజయవాడ సూర్యారావుపేటలో గర్భసంచి గడ్డలకు అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ రెండూ ఒకేచోట చేసే స్కానింగ్ సెంటర్ ఇది. పేరు రాయడం లేదు. ఇక్కడి మంచీ చెడూ తెలిస్తే మీరు వెళ్లే సెంటర్‌లోనూ అవే సరిచూసుకోవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవారి శాతం ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. అలాంటి చోట ‘బల్కీ యుటెరస్, 5 సెం.మీ. ఫైబ్రాయిడ్’ (గర్భసంచి ఉబ్బింది, 5 సెం.మీ. గడ్డ ఉంది) అని ఒక్క లైను రాసి పంపేస్తే ఆ మనిషికి అన్యాయమే. సైజు కన్నా గడ్డ ఏ పొరలో ఉందో ముందు తెలియాలి.

అల్ట్రాసౌండ్ ఇక్కడ శ్రద్ధగా చేస్తారు. ముందు నీళ్లు తాగించి, మూత్రాశయం నిండాక పొట్ట మీద నుంచి చూస్తారు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక టీవీఎస్, అంటే యోని ద్వారా స్కాన్. గర్భసంచి బాగా పెరిగితే టీవీఎస్ ప్రోబ్‌కి పైభాగం అందదు. పొట్ట మీది ప్రోబ్‌కేమో లోపలి పొర సరిగా కనబడదు. అందుకే రెండూ కావాలి. పెళ్లికానివాళ్లకు టీవీఎస్ చేయరు కాబట్టి, అనుమానం మిగిలితే ఎంఆర్‌ఐకి వెళ్లడమే మంచిది.

రిపోర్టులో ప్రతి గడ్డకీ ఫిగో నంబరు (గడ్డ ఏ పొరలో ఉందో చెప్పే అంతర్జాతీయ వర్గీకరణ) వేసి, పక్కన బొమ్మ గీసి ఇస్తున్నారు. మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. 0, 1 రకాలు గర్భసంచి లోపలికి పొడుచుకొచ్చినవి. కోత లేకుండా హిస్టరోస్కోపీతో, అంటే యోని ద్వారా గర్భసంచిలోకి కెమెరా పంపి తీసేయవచ్చు. 2వ రకం సగానికి పైగా కండరంలో ఉంటుంది. గడ్డకీ గర్భసంచి బయటి పొరకీ మధ్య కనీసం 5 మి.మీ. కండరం ఉందో లేదో రిపోర్టులో రాయాలి. లేకపోతే తీసేటప్పుడు గర్భసంచికి చిల్లు పడే ప్రమాదం ఉంది. ఈ కొలత మాత్రం ఇక్కడ అడిగితేనే రాస్తున్నారు. 5, 6, 7 రకాలు బయటి వైపువి. తీయాల్సి వస్తే లాపరోస్కోపీ (పొట్ట మీద చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) దారి.

లోపలి గడ్డ ఏ రకమో తేలనప్పుడు సన్నటి ట్యూబుతో 5–10 మి.లీ. సెలైన్ ఎక్కించి టీవీఎస్ చేస్తే అంచు తేటగా కనబడుతుంది. నెలసరి ఆగాక, అది మొదలైన రోజు నుంచి లెక్కేస్తే 10వ రోజు లోపు వెళ్లాలి. ఆలస్యమైతే లోపలి పొర మందమెక్కి చిన్న గడ్డల్ని కప్పేస్తుంది.

ఎంఆర్‌ఐలోనే లోపం ఉంది. ఖర్చు తగ్గించడానికి కాంట్రాస్ట్ (రక్తం ఎక్కడికి వెళ్తోందో కనబడేలా నరంలోకి ఎక్కించే మందు) లేని స్కాన్‌నే మామూలు ప్యాకేజీగా పెట్టారు. ఎంబలైజేషన్ ఆలోచిస్తున్నవాళ్లకు అది చాలదు. ఆ పద్ధతిలో గడ్డకు వెళ్లే రక్తాన్ని ఆపుతారు. గడ్డ ముందే చచ్చిపోయి ఉంటే ఆపడానికి రక్తమే ఉండదు, ఆ సంగతి కాంట్రాస్ట్ ఇస్తేనే తేలుతుంది. కాంట్రాస్ట్‌కి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు ఉండాలి. హైఫూ, అంటే అల్ట్రాసౌండ్ వేడితో గడ్డను మాడ్చే పద్ధతికి, ఎంఆర్‌ఐలో టీ2 అనే రకం చిత్రంలో నల్లగా ఉన్న గడ్డలు అనుకూలం. గర్భసంచి కండరం కన్నా తెల్లగా ఉన్నవి అంతగా లొంగవు. అల్ట్రాసౌండ్ వెళ్లే దారిలో పేగు అడ్డుందా, పాత సిజేరియన్ మచ్చ ఉందా అన్నదీ చూడాలి.

అడినోమయోసిస్‌ని (గర్భసంచి లోపలి పొర కండరంలోకి చొచ్చుకెళ్లే జబ్బు) ఫైబ్రాయిడ్‌గా పొరపడటం అల్ట్రాసౌండ్‌లో తరచూ జరిగేదే. ఎంఆర్‌ఐలో జంక్షనల్ జోన్ (లోపలి పొరకి ఆనుకుని ఉండే కండరపు పట్టీ) 12 మి.మీ. లేదా అంతకన్నా మందంగా ఉంటే అడినోమయోసిస్ అని గట్టిగా అనుమానించాలి. దానికి గడ్డలాగా అంచు ఉండదు, ఒలిచి తీయడం కుదరదు. నెలసరి పూర్తిగా ఆగిపోయాక గడ్డ పెరుగుతుంటే డిఫ్యూజన్ చిత్రాలు (కణజాలంలో నీటి కదలికను చూపే ఎంఆర్‌ఐ చిత్రాలు) కూడా తీయించాలి. క్యాన్సర్ కాదని ఏ స్కానూ నూటికి నూరు శాతం తేల్చలేదు. అనుమానం ఉన్న గడ్డను లోపలే ముక్కలు చేసి తీయకూడదన్న నిర్ణయానికి మాత్రం ఆ చిత్రాలు సాయపడతాయి.

బ్లీడింగ్, నొప్పి లేని 2–3 సెం.మీ. గడ్డకు ఎంఆర్‌ఐ దండగ. ఈ సెంటర్ రిసెప్షన్‌లో అలాంటివాళ్లకూ ప్యాకేజీ అంటగడుతున్నారు, అది మానుకోవాలి.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, చివరి నెలసరి తేదీ పట్టుకెళ్లండి. ఫిల్ములు మాత్రమే ఇస్తే తీసుకుని వచ్చేయకండి, డైకామ్ సీడీ (స్కాన్ చిత్రాలన్నీ కంప్యూటర్ ఫైళ్లుగా ఉండేది) అడిగి తీసుకోండి. గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఇంకో డాక్టర్‌కి చూపించాలంటే ఆ సీడీయే కావాలి.