నాన్నతో అలాస్కాలో ఫ్లై ఫిషింగ్: లాడ్జా, రాఫ్టా?

ఫ్లై ఫిషింగ్ అంటే పురుగులా కనిపించే కృత్రిమ ఎరతో చేపలు పట్టడం. అలాస్కాలోని బ్రిస్టల్ బే ప్రాంతంలో చాలా నదులకు రోడ్డే లేదు, చిన్న విమానంలో వెళ్లాలి. అక్కడ ఎలా ఉండాలన్నదే అసలు ప్రశ్న: లాడ్జిలో దిగడమా, రాఫ్ట్‌లో (గాలి నింపే పడవ) నది వెంట సాగుతూ గుడారాల్లో ఉండడమా?

ఖర్చు: లాడ్జికి వారానికి మనిషికి వేల డాలర్లవుతాయి. గది, భోజనం, గైడు, పడవ సాధారణంగా అందులోనే. రాఫ్ట్ అద్దెకు తీసుకుని సొంతంగా వెళ్తే బాగా తగ్గుతుంది. లైసెన్సు ఇద్దరికీ తప్పదు. కింగ్ సాల్మన్ చేప పట్టాలంటే అదనపు స్టాంపు (డబ్బు కట్టి తీసుకునే అనుమతి).

శ్రమ: లాడ్జిలో సాయంత్రానికి వెచ్చటి గది. రాఫ్ట్‌తో రోజూ గుడారం విప్పి, సామాను కట్టి, తెడ్డు వేసి, మళ్లీ గుడారం వేయాలి. నేలమీంచి లేవడానికి మోకాళ్లు సహకరించకపోతే రెండో రోజుకే అలసిపోతారు.

చేపలు: ఇక్కడ రాఫ్ట్‌దే పైచేయి. రోజూ కొత్త నీళ్లు, మనుషులు తక్కువ. రెయిన్‌బో ట్రౌట్‌కు 6 వెయిట్ రాడ్ (గాలం కర్ర; అంకె పెరిగితే బలం ఎక్కువ), ఆగస్టులో సిల్వర్ సాల్మన్‌కు 8 వెయిట్.

రిస్క్: పొగమంచు పడితే విమానం రాదు. లాడ్జిలో అది ఒక రోజు విశ్రాంతి. నది ఒడ్డున అయితే తిండి, మందులు కనీసం రెండు రోజులకు అదనంగా ఉండాలి, శాటిలైట్ ఫోన్ కూడా. బేర్ స్ప్రేను (ఎలుగుబంట్లను తరిమే స్ప్రే) ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు, అలాస్కాలోనే కొనాలి. వేడర్ (నీళ్లలోకి దిగడానికి తొడుక్కునే, నీరు చొరని ప్యాంటు) బెల్టు బిగించకపోతే, పడ్డప్పుడు చల్లటి నీళ్లు లోపలికి చేరతాయి.

ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి బీపీ, షుగర్ ఉంటే లాడ్జే మంచిది. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు, విమానంలో ఆసుపత్రికి తరలింపుకు కవరేజీ ఉందో లేదో ముందే చదవండి. ఆయన గట్టిగా నడిచే మనిషై, మీలో ఒకరికి రాఫ్ట్ నడిపిన అనుభవం ఉంటే నది మీదికే వెళ్లండి.