చూడని టీవీకి నా మార్కులు

వరంగల్ శివనగర్‌లో మాది జాకెట్లు కుట్టే కొట్టు. మిషన్‌కు ఎదురుగా గోడకు టీవీ ఉంది కానీ, కన్ను సూది మీద నుంచి తీస్తే వేలు పోతుంది. 18 ఏళ్లుగా టీవీని వింటున్నానంతే. కాబట్టి సెట్టింగుల గురించి, చీరల గురించి నన్ను అడగవద్దు.

చెవికి నచ్చిన చానల్ ఈటీవీ, అందులోనూ ‘పాడుతా తీయగా’. చానల్ 1995 ఆగస్టు 27న మొదలైతే, ఈ కార్యక్రమం మరుసటి ఏడాదే వచ్చింది. బాలు గారు మార్కులు చెప్పి పంపించేసేవారు కాదు. పాట ఎవరు రాశారో, ఏ రాగమో, రికార్డింగ్ నాడు ఏం జరిగిందో చెప్పేవారు. ‘శ’ పలకవలసిన చోట ‘స’ పలికితే పిల్లలు చిన్నబుచ్చుకోకుండా దిద్దేవారు. ఆ కబుర్లలో పడి ఒకసారి కుడి చెయ్యిని ఎడమ వైపు అతికించాను. కుట్టు విప్పుతూ కూడా వింటూనే ఉన్నాను.

2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక ఇక ఇదీ ఆగిపోతుందనుకున్నాను. చరణ్ అందుకున్నారు. తండ్రిని అనుకరించకపోవడమే ఆయనలో నాకు నచ్చింది. న్యాయనిర్ణేతల్లో చంద్రబోస్ ఉండడం మాకు అదనపు సంబరం. మన భూపాలపల్లి వైపు చల్లగరిగె ఆయనది, 2023లో ఆస్కార్ తెచ్చిన మనిషి. పాటలో ఒక్క మాట పట్టుకుని, అది అక్కడే ఎందుకు పడిందో విప్పి చెబుతుంటే, కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు చేతులు చాపి అలాగే నిలబడిపోతారు.

సీరియళ్లంటారా, ఏ చానల్‌వైనా చెవికి ఒకటే. మూడుసార్లు ఢాం అంటే తలుపు చాటున ఎవరో విన్నారని అర్థం. చర్చల వార్తల కంటే మిషన్ చప్పుడే నయం. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటరాదని నిబంధన ఉంది. ఎక్కడైనా సరే, ఒక్క విరామంలో జాకెట్టుకు హుక్కులన్నీ కుట్టేస్తాను. బతుకమ్మ ముందు, పని నెత్తి మీదికి వచ్చినప్పుడు, అదీ మేలే.

మొన్న ఒక అమ్మాయి జాకెట్టు గుడ్డ తెచ్చి, “అక్కా, పాడుతా తీయగాలో ఆ పాప వేసుకున్న చేతుల మోడలే కావాలి” అంది.

“ఏ పాట పాడిన పాప?” అని అడిగాను.