ముందు చక్రాలు కూడా లాగితే: 55 హెచ్‌పీ ఫోర్‌వీల్ ట్రాక్టరుతో కొన్నేళ్ల దమ్ము

ట్రాక్టరు కొనేవాళ్లంతా బానెట్ మీద హార్స్‌పవర్ (హెచ్‌పీ) అంకె చూస్తారు. నేను మాత్రం వంగి ముందు ఇరుసు చూడమంటాను. నా దగ్గరున్నది 55 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి, అంటే ఇంజను బలం వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకీ అందుతుంది. గేర్లెన్ని, లిఫ్టు ఎంత ఎత్తుతుంది, సీటు ఎలా ఉంది అన్నవి షోరూం కాగితంలో ఉంటాయి, వాటి జోలికి పోను. కంపెనీ పేరూ రాయను. నేను చెప్పేది ఈ తరగతిలో ముందు చక్రాలకి పవర్ ఇచ్చే చాలా బళ్లకి వర్తిస్తుంది.

మాది నరసన్నపేట దిగువన, వంశధార కాలువ చివరి ఆయకట్టు. నీళ్లు ఆలస్యంగా వస్తాయి. వచ్చాక ఊరందరికీ ఒకేసారి దమ్ము (నీళ్లు పెట్టిన మడిని దున్ని బురద చేయడం) కావాలి. ఆకుమడి ముదిరిపోతుంటే ఉభాల (నాట్ల) కోసం ఎవరూ ఆగలేరు. గెడ్డ (వాగు) వార మళ్లు మరీ ఊబి. పాత టూవీల్ బండికి కేజ్‌వీల్స్ (బురదలో దిగబడకుండా కట్టే ఇనుప పంజరం చక్రాలు) కట్టి దించితే వెనక చక్రాలు ఉన్నచోటే తవ్వుకుంటూ పోయేవి, ఇరుసు బురదకి ఆనేది, ముక్కు పైకి లేచేది. ఇంకో బండి తెచ్చి గొలుసేసి లాగితే అదీ దిగబడేది. సగం పూట అలా పోయేది. ఇక కేజ్‌వీల్స్‌తో తారురోడ్డు ఎక్కకూడదు కాబట్టి, పక్క ఊరి కిరాయికి వెళ్లాలంటే విప్పడం, మళ్లీ కట్టడం.

ఇంజనులో బలం లేక కాదు ఆ దిగబడడం. టూవీల్ బండి బరువులో డెబ్బై శాతం పైనే వెనక ఇరుసు మీద ఉంటుంది, ముందు చక్రాలు దారి చూపడానికే. ఫోర్‌వీల్‌లో ముందు భాగం మీద నలభై శాతం దాకా బరువు పడుతుంది, ఆ బరువు కూడా లాగుడుకి అక్కరకొస్తుంది. నాకు ఇది మొదటి దమ్ములోనే, గట్టు దగ్గర తెలిసొచ్చింది. పాత బండి ముందు చక్రం గట్టుకి తగిలితే మట్టిని కుప్పగా ముందుకి తోసేది, రైతు వచ్చి పారతో గట్టు సరిచేసుకునేవాడు. ఈ బండి టైరు లగ్గులు (పైకి లేచిన రబ్బరు పళ్లు) గట్టు మట్టిని పట్టుకుంటాయి. చక్రం నెమ్మదిగా పైకెక్కుతుంది, ఒక్క క్షణం బండి ఆగినట్టుంటుంది, తర్వాత వెనకది ఎక్కుతుంది. గట్టు మీద లగ్గుల అచ్చు పడుతుందే గాని గట్టు కదలదు. మడి మూల తిప్పేటప్పుడు కూడా ముందు చక్రాలు బురదని అడ్డంగా నెట్టకుండా తిరిగిన వైపుకే లాగుతాయి. బాగా ఊబి ఉన్న కొన్ని మళ్లలో తప్ప కేజ్‌వీల్స్ అవసరం పడడం లేదు. ఆ ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

పెద్ద హార్స్‌పవర్ ట్రాక్టర్ల చరిత్ర చదివితే అక్కడా ఇదే కథ కనిపించి నాకు ఆశ్చర్యమేసింది. 1950లలో అమెరికాలో పెద్ద డీజిల్ ఇంజన్లకి కరువు లేదు. ఆ బలాన్ని నేలకి అందించే చక్రాలే లేవు. రెండు చక్రాల మీదే మోపితే అవి గిరగిరా తిరిగేవి. ఆరెగాన్‌లో వాగ్నర్ సంస్థ నాలుగూ పెద్ద చక్రాలే పెట్టి, నడుం దగ్గర మడిచి తిరిగే ట్రాక్టర్లు చేసింది. మిన్నెసోటాలో స్టైగర్ అన్నదమ్ములు 1957-58 చలికాలంలో తమ పశువుల కొట్టంలోనే 238 హెచ్‌పీ ఇంజనుతో అలాంటిదే సొంతంగా కట్టుకున్నారు, సొంత పొలానికి కావాలని! 1959లో జాన్ డీర్ 215 హెచ్‌పీతో 8010 తెచ్చింది. దాని గేరుబాక్సు ఆ బలాన్ని తట్టుకోలేకపోయింది. అమ్మినవి దాదాపు అన్నీ వెనక్కి రప్పించి, గేరుబాక్సు మార్చి 8020 పేరుతో తిరిగిచ్చారు. 1977లో మోంటానాలో కట్టిన బిగ్ బడ్ 747 మొదట్లోనే 760 హెచ్‌పీ. అంత బలాన్ని నేలకి దించడానికి దానికి ఎనిమిది టైర్లు కావలసి వచ్చాయి.

అంకెల సంగతీ అంతే. కంపెనీలు చెప్పిన హార్స్‌పవర్ పొలంలో కనిపించక రైతులు మోసపోతున్నారని నెబ్రాస్కా రాష్ట్రం 1919లో చట్టమే చేసింది, పరీక్ష లేకుండా ట్రాక్టరు అమ్మకూడదని. మనకి మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఆ పరీక్షలు జరుగుతాయి. కొనేముందు ఆ రిపోర్టు అడగండి. బానెట్ మీది 55 అన్నది ఇంజను దగ్గరి లెక్క. రోటావేటరు తిప్పే వెనక షాఫ్టు (పీటీఓ) దగ్గరికి వచ్చేసరికి అందులో సుమారు 85 శాతం మిగులుతుంది, మెత్తని నేలలో లాగుడుకి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది.

ఇక నన్ను ఏడిపించింది కూడా ఆ ముందు ఇరుసే. ఒక ఏడాది ఉభాలు జోరుగా ఉన్నప్పుడు సాయంత్రం బండి కడుగుతున్న మా డ్రైవరు పిలిచాడు. ముందు కుడి చక్రం లోపలి వైపు నుంచి తెల్లగా కారుతోంది. వేలితో తీసి చూపించి, "బావూ, ఇది నూనేటండి, మజ్జిగలాగున్నాది" అన్నాడు. హబ్బు (చక్రం నడిమి భాగం) నూనెలో నీళ్లు కలిశాయి. టూవీల్ బండి ముందు హబ్బులో బేరింగులూ గ్రీజూ తప్ప ఏమీ ఉండవు. దీంట్లో చక్రాన్ని తిప్పే ప్లానెటరీ గేర్లు (నడిమి గేరు చుట్టూ ఉండే చిన్న గేర్లు) నూనెలో తిరుగుతాయి, బురద నీళ్లు పోతే అవి అరిగిపోతాయి.

చక్రం విప్పితే అసలు దొంగ దొరికాడు. హబ్బుకీ ఇరుసుకీ మధ్య సందులో వరిగడ్డి, దానితో పాటు ఎవరో గెడ్డలో పడేసిన చేపల వల నైలాన్ దారం, గట్టిగా చుట్టుకుని తాడులా తయారయ్యాయి. అది నూనె బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే సీలు అంచుని కోసేసింది. డీలరు దగ్గర సీలు లేదు. వైజాగ్ నుంచి రావాలన్నారు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, పైగా సీలొక్కటీ ఇవ్వరట, కిట్టు మొత్తం కొనాలట. సీజను మధ్యలో ఆ మాట వింటే ఎంత కడుపు మండుతుందో కిరాయికి తిప్పేవాళ్లకే తెలుసు. శ్రీకాకుళంలో బేరింగుల షాపువాడు కొలత చూసి మామూలు సీలు ఇచ్చాడు. గేర్లు డీజిల్‌తో కడిగి, కొత్త నూనె పోసి అది వేశాం. కొన్ని రోజులకే మళ్లీ మజ్జిగ. కారణం, కంపెనీ వేసేది కేసెట్ సీలు, రేకు డబ్బాలో మూడు నాలుగు అంచులుంటాయి. ఒక్క అంచు సీలు బురదకి ఆగదు. అసలుది వచ్చేదాకా బండి ఊబి మళ్లకి పోలేదు. ఆ మళ్లకి పాత బండే కేజ్‌వీల్స్ కట్టుకుని దిగింది.

తర్వాత మా ఊరి వెల్డరు చేత ఆ సందు మీద రేకు కట్టు చేయించాను, గడ్డి లోపలికి పోకుండా. అప్పటినుంచి కారలేదు. అయినా దమ్ము రోజుల్లో రాత్రి పూట ఆ సందులో కత్తి దూర్చి గీకడం మా డ్రైవరుకి రోజువారీ పనైంది. అందుకే, పైన గట్టు దగ్గర సంబరం చదివి వెంటనే అడ్వాన్సు ఇచ్చేయకండి. కేజ్‌వీల్స్ విప్పే పని తగ్గిందన్న మాట నిజమే, దాని బదులు ఈ పని వచ్చింది.

ఇంకో సంగతి. ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే కొంచెం వేగంగా తిరిగేలా కడతారు. బురదలో అది మేలు. తారురోడ్డు మీద అదే లివర్ వేసి ధాన్యం తోలితే ముందు టైర్లు అరిగిపోతాయి, గేర్ల మీదా ఒత్తిడి పడుతుంది. ముందు టైర్లు మార్చేటప్పుడూ అదే కొలతవి వేయాలి, లేకపోతే ఆ నిష్పత్తి చెడుతుంది.

నాది పాత రకం డీజిల్ పంపు ఇంజను. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన బళ్లకి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు కొంటే చాలావరకు కామన్ రైల్ (ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త పద్ధతి), సెన్సార్లు, కంప్యూటరుతో వస్తుంది. వాటిని మా బురదలో నేను నడపలేదు, కాబట్టి ఆ ఇంజను గురించి నా మాట లెక్కలోకి తీసుకోవద్దు.

మళ్లీ కొనాల్సివస్తే నేను ఫోర్‌వీలే కొంటాను. నాకు సొంత పొలం ఒకే చెక్కగా ఉంది, చుట్టుపక్కల కిరాయి ఉంది, నమ్మకమైన డ్రైవరు ఉన్నాడు. ఇరవై సెంట్ల మళ్లు చెల్లాచెదురుగా ఉన్నవాళ్లకి ఇంత బండి తిరగడానికే చోటు చాలదు. ఎర్రనేల మెట్టలో మొక్కజొన్న వేసేవాళ్లకి 45 హెచ్‌పీ టూవీల్ చాలు, మిగిలిన డబ్బుతో మంచి గొర్రు కొనుక్కోవచ్చు. మా లాంటి పల్లపు మళ్లుండి ఫోర్‌వీలే తీసుకుంటే మాత్రం, బండితో పాటే ముందు హబ్బు కేసెట్ సీళ్లు రెండు కొని ఇంట్లో పెట్టుకోండి.