సభ్యుడికి ఒకటే ఓటా, పరిమాణాన్ని బట్టి ఓట్లా?

ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే సంఖ్యలు) పంచే రెండు సంస్థల్లో ఓటు లెక్క వేరు. ఐరోపా తదితర ప్రాంతాలకు చిరునామాలు పంచే ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ ఎన్‌సీసీలో టెలికం దిగ్గజానికైనా, చిన్న ఊరి ఇంటర్నెట్ సర్వీసుకైనా ఒకటే ఓటు. చందా కూడా ఖాతాకింత అని ఒకే రేటు. చిన్నవాళ్లకు ఆ చందాయే భారం.

మన దేశమున్న ఆసియా-పసిఫిక్‌కు బ్రిస్బేన్‌లోని ఏపీనిక్. అక్కడ చిరునామాలు పెరిగేకొద్దీ చందా, ఓట్లూ పెరుగుతాయి: అసోసియేట్ సభ్యుడికి 1, ఆపైన 2, 4, 8... అతిపెద్ద శ్రేణికి 64. ఎక్కువ కట్టేవాడికి ఎక్కువ మాట ఉండాలనడం అన్యాయమేమీ కాదు. కానీ పాలకమండలి ఎన్నికలో ఒక్క పెద్ద సంస్థ, 2 ఓట్ల సంస్థలు 32 కలిస్తే ఎంతో అంత కావడం నాకు మింగుడుపడదు. ఓటు రైప్‌లా, చందా ఏపీనిక్‌లా ఉంటే మేలు.

చిరునామాలు ఎవరికెలా పంచాలనే విధానాలు మాత్రం రెండుచోట్లా ఓట్లతో కాదు, ఎవరైనా పాల్గొనగల చర్చలో ఏకాభిప్రాయంతోనే తేలతాయి.