పైరుకు మందు కొట్టడానికి డ్రోనా, భుజాన పంపా?

డ్రోన్లు వచ్చాక భుజాన మోసే పంపులకు కాలం చెల్లిందని కొందరంటారు. అదంతా ఫొటోల ముచ్చటే తప్ప పైరుకు ఒరిగేదేమీ లేదని ఇంకొందరు కొట్టిపారేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాట్లు పూర్తయ్యాక ఈ వాదన వినిపించని ఊరు ఉండదేమో. ఇరువైపుల వారూ ఎకరానికి ఎంత ఖర్చు, ఎంత సేపు అన్న లెక్కల దగ్గరే ఆగిపోతున్నారు. పురుగు మొక్కలో ఎక్కడ కాపురముందో చూడకుండా ఈ తగవు తీరదు.

ముందు ఆ లెక్కలే చూద్దాం. భుజాన పంపుతో ఎకరం వరికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు పడతాయి. పంపులో 16 లీటర్లే పట్టేటప్పుడు ఒక మనిషి కాలువకూ మడికీ మధ్య ఎన్నిసార్లు తిరగాలో ఊహించుకోవచ్చు. డ్రోనుకు ఎకరానికి 10 లీటర్లు చాలు. పది నిమిషాలలోపే పని అయిపోతుంది. అద్దె సాధారణంగా ఎకరానికి 400 నుంచి 500 రూపాయల దాకా ఉంటోంది. వలసలు పోయి ఊళ్లో మనుషులు దొరకని సమయంలో ఇది పెద్ద వెసులుబాటే. అయితే నీళ్లు తగ్గాయి కదా అని మందు కూడా తగ్గిందనుకోకూడదు. ఎకరానికి వేయాల్సిన మోతాదు రెండింటికీ ఒకటే. పది లీటర్లలోకి ఇమిడేసరికి ద్రావణం చిక్కనవుతుంది, అంతే.

ఇక వరి సంగతి. శ్రీకాకుళం సన్నాలు వేసినా సాంబ మసూరి వేసినా, పొట్టదశకు, అంటే కంకి బయటపడే ముందు దశకు వచ్చేసరికి పైరు గుబురుకట్టి నేల కనిపించదు. మొదళ్లలో చేరి రసం పీల్చే సుడిదోమ వచ్చేది సరిగ్గా అప్పుడే. పైనుంచి చూస్తే ఆకులు పచ్చగానే ఉంటాయి. దుబ్బును రెండు చేతులతో విడదీస్తే నీటి మట్టానికి కాస్త పైన, కాండాన్ని కరుచుకుని గోధుమరంగు దోమలు గుంపులుగా కనిపిస్తాయి. డ్రోను రెక్కల గాలికి ఆకులు విచ్చుకుని మందు లోపలికి దిగుతుందన్నది నిజమే, కొంతవరకు. కానీ ఎకరానికి 10 లీటర్ల సన్నని తుంపర అంత గుబురులో మొదళ్ల దాకా చేరుతుందన్న భరోసా నాకు లేదు. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు తీయమని శాస్త్రవేత్తలు చెప్పేది గాలీ వెలుతురూ ఆడతాయనే కాదు, మనిషి లోపలికి నడిచి నాజిల్‌ను దుబ్బుల మొదళ్లకు వంచగలగాలని కూడా. సుడిదోమకు, మొదళ్లలో పుట్టే పాముపొడ తెగులుకు నా ఓటు పంపుకే. అదే ఆకుముడత పురుగుకు, ఆకుల మీది అగ్గితెగులుకు డ్రోను చక్కగా సరిపోతుంది.

విజయనగరం వైపు రబీ మొక్కజొన్నలో ఈ లెక్క తిరగబడుతుంది. 2018లో మన దేశంలో మొదట కనిపించిన కత్తెర పురుగు ఆకుల సుడిలో దాక్కుని తింటుంది. మొక్క చిన్నగా ఉన్నంతకాలం పంపే మేలు. ఒక్కో సుడిలోకి నాజిల్ వంచి నాలుగు చుక్కలు వేస్తే మందు వృథా కాదు. అదే డ్రోనుతో కొడితే మొక్కల మధ్యనున్న ఖాళీ నేల మీదే ఎక్కువ మందు పడుతుంది. పైరు ఛాతీ ఎత్తుకు వచ్చాక మాత్రం పంపుతో లోపలికి దిగడం సాహసమే. ఆకుల అంచులు చేతులను కోస్తాయి. నాజిల్‌ను తలపైకి ఎత్తి పట్టాలి కనుక తుంపరంతా తిరిగి ముఖం మీదే రాలుతుంది. ఆ దశలో పైనుంచి సుడుల్లోకే మందు దించే డ్రోనుకు పోటీ లేదు.

డ్రోను పక్షాన నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది మందు కొట్టే మనిషి ఆరోగ్యమే. పంపు మూత వదులైతే మందు వీపు మీదుగా కారుతుంది. చేతితొడుగు లేకుండా, ముఖానికి తువ్వాలు మాత్రం చుట్టుకుని, ఎండలో కూలికి మందు కొట్టేవారు ప్రతి ఊళ్లో ఉన్నారు. డ్రోను నడిపేవారు గట్టు మీద దూరంగా నిలబడతారు. చిక్కటి మందు కలిపేటప్పుడు వాళ్లకూ జాగ్రత్త తప్పదు, కానీ రోజంతా ఆ తుంపరలో నడవడానికీ దీనికీ పోలికే లేదు. కూలి పోతుందన్న బాధ సబబే. ఆ కూలి ఎలాంటిదో కూడా చూడాలి కదా.

అర ఎకరం, ముప్పావు ఎకరం ముక్కలు, గట్ల మీద తాటిచెట్లు, మధ్యలో కరెంటు తీగలు ఉన్నచోట డ్రోను ఎగరడం కంటే మలుపులు తిరగడమే ఎక్కువ. పక్కపక్క రైతులు కలిసి ఒకేరోజు పిలిపించుకుంటేనే గిట్టుబాటు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటల నీడలో వేసిన అంతరపంటలకైతే ఆ ఆలోచనే వద్దు. ప్రకృతి సేద్యం చేసేవారు ఆవు పేడ, మూత్రంతో తయారుచేసే ద్రవజీవామృతాన్ని సన్నని గుడ్డలో ఒకటికి రెండుసార్లు వడకట్టకపోతే డ్రోను నాజిళ్లు మూసుకుపోతాయి.

కొనడమా, అద్దెకు తీసుకోవడమా అంటే చిన్న రైతుకు అద్దే. ఏడాదిలో మందు కొట్టే రోజులు కొన్నే, బ్యాటరీలకు మాత్రం ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది. దేశవ్యాప్తంగా 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని కేంద్రం 2023లో తెచ్చిన నమో డ్రోన్ దీదీ పథకంలో ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల దాకా రాయితీ ఉంది. సంఘం చేతిలో డ్రోను ఉంటే అద్దె సొమ్ము ఊళ్లోనే తిరుగుతుంది. నడిపే మహిళకు 15 రోజుల శిక్షణ ఇస్తారు. భోగాపురం చుట్టుపక్కల వారు మాత్రం విమానాశ్రయం ఆంక్షలు తమ పొలానికి వర్తిస్తాయేమో, డ్రోను ఎక్కడ ఎగరొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ముందే చూసుకోవాలి.

తీరం వెంట పొలాలున్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. సన్నని తుంపర గాలికి సులువుగా కొట్టుకుపోతుంది, అందులోనూ చిక్కటి మందు. సింథటిక్ పైరెత్రాయిడ్ అనే రకం పురుగుమందులు అతి తక్కువ మోతాదులోనే రొయ్యలను చంపుతాయి. పక్కన రొయ్యల చెరువు ఉంటే, గాలి అటే వీస్తుంటే, ఆ రోజు డ్రోను వద్దనాలి. గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటితే చెరువు లేకున్నా ఆపించాలి. అద్దెకు వచ్చినవారు తొందరపడతారు, వాళ్లకు రోజుకు ఎన్ని ఎకరాలైతే అంత ఆదాయం. తెల్లవారుజామునే రమ్మని ముందే మాట తీసుకోవడం, ట్యాంకులో మందు కలిపేటప్పుడు దగ్గరుండి ఎకరం మోతాదు కొలిపించుకోవడం రైతు పనే.